కల్పవృక్షం కింద కూలివాడు
కొబ్బరి నూనె చరిత్రపై కొన్ని ఆలోచనలు

కొన్నేళ్ల కిందట మా ఉన్నత పాఠశాలలో తొమ్మిదో తరగతి పిల్లలకు 'కొబ్బరిచెట్టు' అనే అంశం మీద వ్యాసం రాయమన్నాను. కోనసీమ పల్లెలో ఇది ఏటా ఇచ్చే వ్యాసమే. వచ్చిన కాగితాలన్నీ దాదాపు ఒకే తీరుగా ఉన్నాయి. 'కొబ్బరిచెట్టు కల్పవృక్షం' అని మొదలుపెట్టి, నీళ్లు తాగడానికి, పీచు తాళ్లకు, ఈనెలు చీపురుకు, నూనె తలకూ ఒంటికీ అని జాబితా రాసి, 'కనుక మనం కొబ్బరిచెట్లను పెంచాలి' అని ముగించారు. ఒక అమ్మాయి మాత్రం వేరుగా రాసింది. వాళ్ల నాన్న దింపు కార్మికుడు. ఒకసారి చెట్టు మీంచి పడి మూడు నెలలు మంచం పట్టాడు. వాళ్లకు ఒక్క చెట్టు కూడా లేదు. తలకు రాసుకునే నూనె కిరాణా కొట్టులో చిన్న ప్యాకెట్టుగా కొనుక్కుంటారు. ఆ నాలుగు వాక్యాల పక్కన నేను ఎర్ర సిరాతో 'విషయానికి సంబంధం లేదు' అని రాశాను. రెండు మార్కులు తగ్గించాను.

అభ్యుదయ సాహిత్యం మీద సభల్లో మాట్లాడేవాణ్ణి. శ్రమ, విలువ, సరుకు వంటి మాటలు నా వ్యాసాల్లో తరచుగా కనిపిస్తాయి. అయినా నా కళ్లముందుకు వచ్చిన చరిత్రను నేనే కొట్టివేశాను. ఆ ఎర్ర సిరాకు సవరణగా ఈ వ్యాసం రాస్తున్నాను.

ముందు 'కల్పవృక్షం' అనే మాటనే పరిశీలిద్దాం. కోరినది ఇచ్చే చెట్టు అది. దాని కింద నిలబడి కోరుకుంటే చాలు, ఎక్కేవాడు ఉండడు, వలిచేవాడు ఉండడు, గానుగ తిప్పేవాడూ ఉండడు. పని చేయకుండా ఫలం పొందే వర్గం కన్న కల ఈ చెట్టు. నిజమైన కొబ్బరిచెట్టు తనంతట తాను ఏమీ ఇవ్వదు. యాభై అరవై అడుగుల ఎత్తున ఉన్న గెలను ఒక మనిషి పాదాలు కట్టుకుని ఎక్కి కోయాలి. నేలలో పాతిన గునపం మొన మీద కాయను గుచ్చి మరొకడు డొక్క వలవాలి. ఇంకొకరు పగలగొట్టి, ఎండబెట్టి, ఆడించాలి. కిలో ఎండుకొబ్బరికి సుమారు 7 కాయలు పడతాయి. అందులో నూనె మూడింట రెండు వంతులకు కాస్త తక్కువ. అంటే కిలో నూనెకు పది పదకొండు కాయలు కావాలి. సీసాలో తెల్లగా మెరిసే ఆ ద్రవం వెనుక ఇంత పని ఉంది. 'కల్పవృక్షం' అన్న ఒక్క విశేషణం ఈ పనినంతా తుడిచిపెట్టింది. భాషకు ఇలాంటి శక్తి ఉందని సాహిత్య విద్యార్థులు ముఖ్యంగా గమనించాలి.

మన అలంకారికుల సంగతి మరీ విచిత్రం. కావ్యపాకాలను ద్రాక్ష, కదళి, నారికేళం అని విభజించారు. ద్రాక్ష నోట్లో వేసుకుంటే కరుగుతుంది, అరటిపండుకు తొక్క తీయాలి, కొబ్బరికాయకు పీచు వలిచి పెంకు పగలగొట్టాలి. కనుక కష్టపడితేగాని రసం అందని కవిత్వం నారికేళపాకం. పోలిక చక్కనిదే. అయితే పీచు వలవడం ఎంత కష్టమో పండితుడికి ఎలా తెలిసింది? వలిచేవాణ్ణి చూసి తెలిసింది. అతని శ్రమ పాఠకుడి శ్రమకు ఉపమానమైంది, అతను మాత్రం కావ్యంలోకి రాలేదు. నీలవేణుల మీద, తుమ్మెద బారుల వంటి కురుల మీద వందల పద్యాలున్నాయి. ఆ కురులకు నూనె ఎక్కడిది అని అడిగిన పద్యం నేను చదివిన మేరకు తారసపడలేదు.

ఇక మాటల చరిత్ర. 'నూనె' అంటే నువ్వుల నెయ్యి. నువ్వు, నెయ్యి కలిసి నూనె అయింది. తమిళంలో 'ఎణ్ణెయ్' కూడా ఎళ్, నెయ్ కలిసి ఏర్పడిందే. సంస్కృతంలో 'తైలం' అంటే తిలల నుంచి వచ్చినది. అంటే మన భాషలో 'కొబ్బరి నూనె' అన్నప్పుడు అక్షరాలా 'కొబ్బరి నువ్వుల నెయ్యి' అంటున్నాం. దీన్నిబట్టి ఒక సంగతి స్పష్టం. తెలుగు నేల మీద నువ్వులదే మొదటి పీట. తలంటుకు నువ్వుల నూనె, తలకూ దీపానికీ ఆముదం, సముద్రతీరాన మాత్రం కొబ్బరి. అందరికీ అన్ని కాలాల్లోనూ కొబ్బరి నూనే తలనూనె అన్న భావన సనాతనమైనది కాదు. రైళ్లు, డబ్బాలు, ప్రకటనలు వచ్చాక అది స్థిరపడింది.

నూనె తీసేవారికి కులం ఉంది: గాండ్లవారు, తెలికులవారు. 11వ శతాబ్దపు టేకి తామ్రశాసనం బెజవాడలో ఉన్న తెలికి వేయి కుటుంబాల వారికి ఇచ్చిన మర్యాదలను పేర్కొంటుంది. ఒకప్పుడు అంత బలమైన సమూహం, యంత్రపు గానుగ వచ్చాక ఊరి చివర పాతబడిన రాతి రోలుగా మిగిలిపోయింది. 'గానుగెద్దు' అన్న నుడికారం మాత్రం భాషలో బతికి ఉంది. చేతివృత్తి చచ్చిపోయాక నుడికారంగా మిగలడం మన భాషలో తరచు జరిగే విషాదమే.

గానుగతో పని లేని మరో పద్ధతి ఇళ్లలో ఉండేది. పచ్చికొబ్బరి తురిమి, పాలు పిండి, ఇత్తడి గిన్నెలో సన్నని సెగ మీద నీరంతా ఇగిరేదాకా కాస్తే అడుగున గోధుమరంగు పిప్పీ పైన నూనే మిగులుతాయి. కేరళలో పసిపిల్లల ఒంటికి ఈ నూనే రాస్తారు. మా అమ్మ ఈ నూనెలోనే గుంటగలగరాకు పసరు, మందారాకు, మెంతులు వేసి మళ్లీ కాచేది. చిటపటలు ఆగితే తడి పోయినట్టు లెక్క. తడి మిగిలితే నూనె ముక్కిపోతుంది. పుష్యమాసం చలికి సీసాలో పేరుకుంటే పొయ్యి గట్టున పెట్టేది. ఈ నూనె సుమారు 24 డిగ్రీల దగ్గర గడ్డకడుతుందని నేను చాలా తర్వాత చదువుకున్నాను. అమ్మకు అంకె తెలియదు, గుణం తెలుసు. దీన్ని 'వంటింటి చిట్కా' అని తేలిక చేస్తాం. నిజానికి ఇది రసాయన జ్ఞానం. గంటల తరబడి పొయ్యి దగ్గర నిలబడిన స్త్రీల శ్రమలోంచి పుట్టింది. ఆ శ్రమకు కూలి లేదు కనుక చరిత్ర కూడా లేకుండా పోయింది.

19వ శతాబ్దంలో ఈ నూనె ప్రపంచ సరుకు అయింది. కారణం రసాయనంలోనే ఉంది. కొబ్బరి నూనెలో దాదాపు సగం లారిక్ ఆమ్లం. దానితో చేసిన సబ్బు గట్టిగా ఉంటుంది, ధారాళంగా నురుగు ఇస్తుంది, ఉప్పునీటిలో కూడా నురుగుతుంది. అందుకే నావికులకు ఈ సబ్బు కావలసి వచ్చింది. 1791లో లెబ్లాంక్ ఉప్పు నుంచి సోడా తీసే పద్ధతి కనిపెట్టాడు. 1823లో షెవ్రల్ కొవ్వుల నిర్మాణాన్ని వివరించిన గ్రంథం ప్రకటించాడు. చౌక సోడా దొరికింది, కొవ్వుల శాస్త్రం తెలిసింది, పారిశ్రామిక నగరాల మసి కడుక్కోవడానికి కోట్ల చేతులున్నాయి. ఇక కావలసింది చౌక కొవ్వు. ఉష్ణమండల తీరాలన్నీ ఆ అవసరానికి తోటలుగా మారాయి. 1830లో లండన్‌లో మొదలైన ప్రైస్ కొవ్వొత్తుల కంపెనీ సింహళంలో కొబ్బరితోటలు సంపాదించింది. 1860ల్లో హాంబర్గు వర్తకసంస్థ గోడెఫ్రాయ్ సమోవా నుంచి నూనెకు బదులు ఎండుకొబ్బరినే ఐరోపాకు తరలించే పద్ధతి ప్రవేశపెట్టింది. ఈ మార్పు చిన్నది కాదు. నూనె తీసే పని ద్వీపవాసి చేతిలోంచి ఐరోపా మిల్లుకు పోయింది. దీవికి ముడిసరుకూ, పిప్పి కూడా మిగలని కూలిపనీ మిగిలాయి.

1885లో మొదలైన లీవర్ సోదరుల సంస్థ 'సన్‌లైట్' సబ్బు పెట్టెలు 1888లో కలకత్తా రేవులో దిగాయి. 20వ శతాబ్దం మొదట్లో అదే సంస్థ సాలమన్ దీవుల్లో కొబ్బరితోటలు వేసింది. మన తీరపు కొబ్బరి ఐరోపాకు పోయి సబ్బుబిళ్లగా తిరిగి మన స్నానాల గదికి వచ్చింది. పత్తికీ మిల్లుబట్టకూ మధ్య జరిగిన కథే ఇది. కాకపోతే జాతీయోద్యమ సాహిత్యంలో రాట్నానికి దక్కిన చోటు గానుగకు దక్కలేదు. 1934లో గాంధీజీ ప్రారంభించిన అఖిల భారత గ్రామ పరిశ్రమల సంఘం వార్ధాలో మెరుగైన గానుగను రూపొందించింది. మన జాతీయోద్యమ నవలల్లో దాని జాడ కోసం వెతికితే నాకు నిరాశే మిగిలింది.

సబ్బు తయారీలో మిగిలే గ్లిసరిన్‌తో పేలుడు పదార్థాలు చేస్తారు. అందుకే 1914 యుద్ధంలో కొవ్వులు యుద్ధసామగ్రి అయ్యాయి. పసిపాప ఒంటికి రాసే నూనె ఫిరంగి మందుకు మూలమైంది. వస్తువుకు స్వతహాగా మంచీ చెడ్డా లేవు, దాన్ని నడిపే సంబంధాలకే ఉన్నాయి అని సిద్ధాంతంగా చెప్పేదానికి ఇంతకంటె సూటి ఉదాహరణ నాకు తోచదు.

ఆ కాలంలోనే మన పక్కన దేశీయ పరిశ్రమ కూడా మొలిచింది. 1914లో కోళిక్కోడులో ప్రభుత్వ సబ్బు సంస్థ ఏర్పడింది. 1917లో టాటా నూనె మిల్లుల కంపెనీ పుట్టి, ఎర్నాకుళంలో ఎండుకొబ్బరి ఆడించింది. తర్వాత 'హమామ్' వంటి సబ్బులు తెచ్చింది. 1993లో ఈ కంపెనీ హిందుస్తాన్ లీవర్‌లో విలీనమైంది. దేశీయ పెట్టుబడి ఎక్కడికి చేరుతుంది అన్న చర్చ మన పత్రికల్లో దశాబ్దాలు నడిచింది. ఆ చర్చకు ఒక జవాబు సబ్బుబిళ్ల మీదే అచ్చయి ఉంది.

మరి చెట్టెక్కే మనిషి? తిరువాన్కూరు సంస్థానంలో చెట్టెక్కే కులాల వారి నిచ్చెన మీద కూడా పన్ను వేశారు. పనిముట్టు మీద పన్ను అంటే శ్రమించే హక్కు మీద పన్ను. 1859లో అలప్పుళలో పీచు ఫ్యాక్టరీ వెలిసింది. ఉప్పుటేళ్లలో డొక్కలు నానబెట్టి, కుళ్లిన వాసనలో నిలబడి పీచు దంచింది ఎక్కువగా స్త్రీలు. 1922లో అక్కడ కార్మిక సంఘం ఏర్పడింది, 1938లో పెద్ద సమ్మె జరిగింది, 1946 అక్టోబరులో పున్నప్ర, వయలార్‌లలో పీచు కార్మికులు దివాను సైన్యానికి ఎదురు నిలిచి ప్రాణాలిచ్చారు. మలయాళ రచయితలు ఈ జీవితాన్ని కళ్లారా చూశారు. 1937లోనే అక్కడ జీవత్ సాహిత్య సంఘం ఏర్పడింది. తకళి శివశంకర పిళ్లై 1978లో కుట్టనాడు తరతరాల జీవితాన్ని మహానవలగా రాసినప్పుడు దానికి పెట్టిన పేరు 'కయర్', అంటే పీచుతాడు. డొక్కలోంచి ఒక మహానవలకు పేరు పుట్టడం యాదృచ్ఛికం కాదు. దాని వెనుక ఒక ఉద్యమం ఉంది.

నూనెకూ సాహిత్యానికీ మరో రకం బంధుత్వం కూడా ఉంది. దాన్ని చెప్పకపోతే ఈ చరిత్ర సగమే. కలకత్తాలో హెచ్. బోస్ అనే వ్యాపారి 'కుంతలీన్' అనే తలనూనె అమ్మేవాడు. 1896లో ఆయన కథల పోటీ పెట్టాడు. నియమం ఏమిటంటే కథలో ఆ నూనె ప్రస్తావన రావాలి, అది ప్రకటనలా ఉండకూడదు. ఆ ఏడు బహుమతి పొందిన కథ జగదీశ్ చంద్ర బోసుది. అందులో కలకత్తా మీదికి రావలసిన తుపాను ఒక సీసా తలనూనె సముద్రంలో పోయడంతో చల్లారిపోతుంది. బెంగాలీ విజ్ఞాన కల్పన తొలి కథల్లో ఒకటి ఇలా నూనె సీసాలోంచి పుట్టింది. 1903లో అదే బహుమతి 'మందిర్' అనే కథకు వచ్చింది. దాన్ని మేనమామ పేరుతో పంపిన యువకుడు శరత్ చంద్రుడు. చక్రపాణి, బొందలపాటి శివరామకృష్ణ వంటి వారి అనువాదాలతో తెలుగువాడై పోయిన మన శరత్ బాబు తొలి అచ్చు కథకు వేదిక ఒక తలనూనె వ్యాపారం.

మన దగ్గరా అంతే. కాశీనాథుని నాగేశ్వరరావు 1893లో 'అమృతాంజనం' తయారీ ప్రారంభించారు. ఆ తలనొప్పి మందు రాబడి మీద 1908లో 'ఆంధ్రపత్రిక', 1924లో 'భారతి' నిలిచాయి. ఆధునిక తెలుగు సాహిత్య విమర్శలో ఎంతో భాగం భారతి పుటల్లో పెరిగింది. దీన్ని ఎద్దేవా చేయడానికి చెప్పడం లేదు. సాహిత్యం గాలిలో వేలాడదు, దాని కింద ఎవరి కొనుగోళ్లో, ఎవరి కూలో ఉంటాయి. పునాది, ఉపరితలం అని మనం వల్లించే మాటలు ఒక్కొక్కసారి ఇంత చిన్న సీసాలో కనిపిస్తాయి.

ఇక ప్యాకెట్టు యుగం. 1948లో ఏర్పడిన బాంబే ఆయిల్ ఇండస్ట్రీస్ నుంచి 'పారాషూట్' వచ్చింది, 1990 తర్వాత అది మారికో సంస్థ సరుకు. రేకు డబ్బా పోయి నీలం ప్లాస్టిక్ సీసా వచ్చింది. ఊరి గానుగ నూనె విడిగా కొలిచి అమ్మే సరుకు, కల్తీ భయం ఉండేది. సీలు వేసిన సీసా ఆ భయం తీర్చింది. పెట్టుబడి చేసిన ఈ మేలును కాదనడం నిజాయితీ కాదు. ఇదే సీసా చుట్టూ ఒక వింత వ్యాజ్యం నడిచింది. చిన్న ప్యాకింగులో అమ్మే శుద్ధ కొబ్బరి నూనె వంటనూనెనా, తలనూనెనా? వంటనూనె అయితే పన్ను తక్కువ, తలనూనె అయితే ఎక్కువ. 2018లో సుప్రీంకోర్టులో ఇద్దరు న్యాయమూర్తులు రెండు విధాలుగా చెప్పారు. 2024 డిసెంబరులో ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం, తలనూనెగా ప్రత్యేకించి అమ్మితే తప్ప అది వంటనూనెగానే లెక్కకు వస్తుందని తేల్చింది. 2025 సెప్టెంబరులో తలనూనెల మీద జీఎస్టీని 18 శాతం నుంచి 5 శాతానికి తగ్గించడంతో ఆ తేడాయే చెరిగిపోయింది. ఇంట్లో ఒకే గిన్నెలోంచి మూకుట్లోకీ మాడుకూ నూనె తీసుకున్న అమ్మకు ఈ ప్రశ్నే అర్థం కాదు. వస్తువు ఒకటే. సరుకుగా మారినప్పుడు మాత్రం అది రెండయింది.

శాస్త్రం ఏమంటుంది? 2003లో వెలువడిన ఒక పరిశోధన కొబ్బరి నూనె, పొద్దుతిరుగుడు నూనె, ఖనిజ తైలాలను వెంట్రుకల మీద పరీక్షించింది. తల కడిగేటప్పుడూ దువ్వేటప్పుడూ వెంట్రుక మాంసకృత్తును కోల్పోతుంది. ఆ నష్టాన్ని కొబ్బరి నూనె ఒక్కటే తగ్గించింది. దాని అణువు చిన్నది, తిన్ననిది కనుక వెంట్రుక లోపలికి దిగుతుంది. ఆ పరిశోధకులు పనిచేసింది మారికో ప్రయోగశాలలోనే. అంతమాత్రాన ఫలితం అబద్ధమవదు, ఏ ప్రశ్నలకు డబ్బు దొరుకుతుందో మాత్రం తెలుస్తుంది. 2004లో మనీలా పరిశోధన పొడిబారిన చర్మం మీద కొబ్బరి నూనె ఖనిజ తైలంతో సమానంగా పనిచేస్తుందని చూపింది. సమానంగానే, అద్భుతంగా కాదు. జుట్టు కొత్తగా మొలిపిస్తుందనడానికి గట్టి రుజువు లేదు. మొటిమలున్న మొహానికీ చుండ్రు పట్టిన తలకూ అది మేలు చేయకపోవచ్చు. అభ్యుదయవాది అమ్మ జ్ఞానాన్ని గౌరవించాలి, పరీక్షకు కూడా నిలబెట్టాలి.

ఇప్పుడు పట్టణాల్లో 'ఇంట్లో చేసిన' సబ్బులు, 'చెక్క గానుగ' నూనెలు మళ్లీ వచ్చాయి. నేనూ ఒకసారి సబ్బు చేసి చూశాను. కిలో కొబ్బరి నూనెకు సుమారు 180 గ్రాముల కాస్టిక్ సోడా. నీళ్లలో సోడా కలపాలిగాని సోడా మీద నీళ్లు పోయకూడదు. చేతికి తొడుగు ఉండాలి, నాలుగు వారాలు ఆరబెట్టాలి. సబ్బు బాగానే వచ్చింది. కాని అది నాకు సెలవు రోజు సరదా. మా అమ్మకు నూనె కాయడం సరదా కాదు, తప్పని పని. సరుకుల ప్రపంచం ముందు మన చేతిలోని పనిని తీసుకుని, తర్వాత దాని జ్ఞాపకాన్ని ఎక్కువ ధరకు మనకే అమ్ముతుంది. కనుక 'పాత రోజులకు పోదాం' అనే నినాదం నాకు పనికిరాదు. ఆ పాత రోజుల్లో పొయ్యి దగ్గర ఎవరున్నారో, చెట్టు మీద ఎవరున్నారో నాకు తెలుసు.

చివరిగా మన సీమ. అంబాజీపేట కొబ్బరి మార్కెట్టు ధర పెరిగిందీ తగ్గిందీ రోజూ పత్రికల్లో వస్తుంది. 1996 నవంబరు 6 తుపానులో కోనసీమలో లక్షల చెట్లు కూలాయి. 2018 అక్టోబరు తిత్లీ ఉద్దానం తోటలను నేలమట్టం చేసింది. రెండుసార్లూ నష్టాన్ని చెట్ల లెక్కన మాట్లాడుకున్నాం. ఆ చెట్లెక్కి బతికిన చేతుల లెక్క కథల్లోనైనా రావాలి కదా! 1981లో ఏర్పడిన కొబ్బరి అభివృద్ధి మండలి 2011 నుంచి యువకులకు యంత్రంతో చెట్టెక్కడం నేర్పుతోంది, ఎక్కేవారికి ప్రమాద బీమా పథకం కూడా ఉంది. బీమా పత్రంలోకి వచ్చిన మనిషి మన సాహిత్యంలోకి ఇంకా పూర్తిగా రాలేదు. కోనసీమ అనగానే మన కవితల్లో పచ్చదనం, కాలువ గట్లు, ఆకుల గలగల వస్తాయి. చెట్టు కింద నిలబడి పైకి చూసిన కవిత్వం అది. చెట్టు మీది నుంచి కిందికి చూసినవాడికి ఏం కనిపిస్తుందో రాయవలసి ఉంది.

ఆ అమ్మాయి రాసింది అదే. బట్టీ పట్టిన కాగితాల మధ్య నిజంగా 'కొబ్బరిచెట్టు' గురించి రాసిన వ్యాసం ఆమెదొక్కటే. ఆమె ఇప్పుడు ఎక్కడుందో తెలియదు, ఆ కాగితం కూడా నా దగ్గర లేదు. ఈ ఏడు కూడా అదే అంశం ఇచ్చాను. కాకపోతే నల్లబల్ల మీద అంశం కింద ఒక ప్రశ్న చేర్చాను: 'మీ ఇంట్లో ఈ చెట్టుతో ఎవరెవరు ఏ పని చేస్తారు?' కాగితాలు ఈసారి ఒకే తీరుగా లేవు. ఎర్ర సిరా కలం మూతపెట్టి, నింపాదిగా చదువుతున్నాను.